ముంపునేల – చారిత్రక వనరులు: కృష్ణాలోయ జలాశయాల వెలుగులో ప్రభావ మదింపు

ఉపోద్ఘాతం

ఆనకట్ట, కాలువ, రహదారి, నగర నిర్మాణం – వీటిలో ఏది తలపెట్టినా ముందుగా ఎంచుకునేది నేలను. ఆ నేల ఖాళీ స్థలం కాదు. దాని పైన గుడులు, కోటలు, శాసనస్తంభాలు ఉంటాయి. దాని అడుగున పాత ఊళ్లు, సమాధులు, పనిముట్లు ఉంటాయి. ఆ నేలనే ఆనుకొని ఊరి పేర్లు, స్థలపురాణాలు, యాత్రామార్గాలు, కవుల వర్ణనలు నిలిచి ఉంటాయి. ఒక నిర్మాణం వల్ల వీటిలో ఏది, ఎంతవరకు, ఏ రీతిలో దెబ్బతింటుందో ముందుగా అంచనా వేసి, నష్టాన్ని తప్పించే మార్గాలను సూచించడమే చారిత్రక, పురావస్తు వనరుల ప్రభావ మదింపు.

తెలుగునేలపై ఈ ప్రశ్నను పరిశీలించడానికి కృష్ణాలోయను మించిన ఆధారం లేదు. నాగార్జునసాగర్, శ్రీశైలం జలాశయాలు రెండూ చరిత్ర దట్టంగా పేరుకున్న నేలనే ముంచాయి. రెండు సందర్భాలలోనూ ప్రభుత్వాలు చేతులు కట్టుకొని కూర్చోలేదు. తవ్వకాలు జరిపించాయి, కట్టడాలను తరలించాయి. ఆ కృషి విలువైనది. అయితే ఆ కృషిలో లెక్కకు వచ్చింది ఏది, రానిది ఏది అన్నది తేల్చవలసి ఉంది. మదింపు కట్టడాన్ని ప్రమాణంగా తీసుకున్నదే కాని స్థలాన్ని ప్రమాణంగా తీసుకోలేదనీ, స్థలాన్ని అర్థం చేసుకోవడానికి శాసన, సాహిత్య, స్థలనామ ఆధారాలు తప్పనిసరి అనీ నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

మదింపు లేని కాలం: అమరావతి, భట్టిప్రోలు

18వ శతాబ్ది చివరి సంవత్సరాలలో వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు అమరావతిలో కొత్త పట్టణం కట్టించాడు. అందుకు కావలసిన ఇటుక, రాయి కోసం పనివారు దగ్గరలోని దిబ్బను తవ్వారు. ఆ దిబ్బే మహాస్తూపం. కాలిన్ మెకంజీ ఆ శిల్పఫలకాలను చూసేనాటికే స్తూపం చాలావరకు చెదిరిపోయింది. 1816లో ఆయన మళ్లీ వచ్చి చిత్రాలు గీయించాడు. ఆ తర్వాత శిల్పాలు చెన్నపట్టణానికి, లండనుకు చేరాయి. ఇక్కడ దురుద్దేశం ఎవరికీ లేదు. ఊరు కట్టేవారికి దిబ్బ రాళ్ల గని మాత్రమే. దాని విలువ చెప్పగల వ్యవస్థ ఆనాటికి లేదు.

ఈ నష్టం శిల్పకళకే పరిమితం కాదు. తెలుగు భాషాచరిత్రలో తొలి పదంగా వేటూరి ప్రభాకరశాస్త్రి గుర్తించిన 'నాగబు' అమరావతి రాతిపలక ముక్క మీద దొరికింది. ఆ ముక్క స్తూపంలో ఏ భాగానిది, ముందూ వెనుకా ఏ పదాలు ఉండేవి అన్న ప్రశ్నలకు జవాబు స్తూపంతోనే చెదిరిపోయింది. అది ప్రత్యేకమైన తెలుగు పదమా, పెద్ద పదంలో భాగమా అనే చర్చ తెగకపోవడానికి ఈ సందర్భలోపమే ముఖ్య కారణం. ఒక రాయిని దాని చోటు నుంచి కదిలిస్తే పోయేది రాయి కాదు, వాక్యం.

భట్టిప్రోలు కథ కూడా ఇటువంటిదే. అక్కడి స్తూపం రాళ్లు 19వ శతాబ్దిలో కాలువ తూము పనులకు, ఇటుకలు రహదారి పనులకు పోయాయి. 1892లో అలెగ్జాండర్ రే మిగిలిన భాగాన్ని తవ్వినప్పుడు ధాతుపేటికలు, వాటి మీది ప్రాకృత లేఖనాలు బయటపడ్డాయి. దక్షిణాది లిపుల పుట్టుకను చర్చించేవారు ఈ లేఖనాలను విడిచి ముందుకు పోలేరు. స్తూపగర్భంలో లోతుగా ఉండడం వల్ల అవి మిగిలాయి. పైన ఉన్నది ఏమిటో తెలిసే మార్గం లేదు. డెల్టా కాలువలు ఈ ప్రాంతానికి అన్నం పెట్టాయి. ఆ కాలువల కోసమే ఆ ప్రాంతపు తొలి లిపిసాక్ష్యాలలో కొంత చెదిరింది. అభివృద్ధికీ చరిత్రకూ మధ్య ఉన్న ఈ చిక్కు నేటిది కాదు.

నాగార్జునకొండ: తొలి పెద్ద ప్రయత్నం

1926లో సూరపరాజు వేంకటరామయ్య అనే స్థానిక ఉపాధ్యాయుడు ఒక పాత స్తంభాన్ని చూసి ప్రభుత్వానికి తెలియజేయడంతో నాగార్జునకొండ లోయ వెలుగులోకి వచ్చింది. మద్రాసు శాసనశాఖలో తెలుగు సహాయకుడుగా ఉన్న ఎ. రంగస్వామి సరస్వతి వచ్చి స్థలాన్ని పరిశీలించాడు. 1927–31 మధ్య ఎ.హెచ్. లాంగ్‌హర్స్ట్, 1938లో టి.ఎన్. రామచంద్రన్ తవ్వకాలు జరిపారు. శాసనాలను ఫోగెల్ ప్రకటించాడు. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఇదేనని స్పష్టమైంది. వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు, వీరపురుషదత్తుడు, ఎహువల శాంతమూలుడు, రుద్రపురుషదత్తుడు – ఈ నలుగురి చరిత్రకు ప్రధానాధారం ఈ లోయ శాసనాలే.

నందికొండ వద్ద కృష్ణకు ఆనకట్ట ఖాయమయ్యాక లోయ మునగడం తప్పనిసరి అయింది. 1954లో ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వాన కేంద్ర పురావస్తుశాఖ విస్తృతమైన తవ్వకాలు ప్రారంభించింది. 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ ఆనకట్టకు శంకుస్థాపన చేశాడు. తవ్వకాలు 1960 వరకు సాగాయి. నైలునది లోయలోని నూబియా కట్టడాల రక్షణకు యునెస్కో 1960 మార్చిలో ప్రపంచ దేశాలకు పిలుపు ఇచ్చేనాటికి నాగార్జునకొండ తవ్వకాలు ముగింపు దశలో ఉన్నాయి. 1961–62లో బి.బి. లాల్ నాయకత్వాన భారతీయ బృందం నూబియాకు వెళ్లి పాల్గొన్నది. ముంపుకు ముందు ఒక లోయనంతటినీ పరిశోధించడంలో భారతదేశం ఎవరికీ వెనుక లేదనడానికి ఇది నిదర్శనం.

ఫలితాలు గొప్పవి. పాతరాతియుగపు పనిముట్ల నుంచి మధ్యయుగపు ఆలయాల వరకు వందకు పైగా స్థలాలు నమోదయ్యాయి. కొత్తరాతియుగపు నివాసాలు, బృహత్‌శిలా సమాధులు, కోట, అశ్వమేధ వేదిక, మెట్లతో కూడిన ప్రదర్శనశాల, అష్టభుజస్వామి, పుష్పభద్రస్వామి, కార్తికేయుల ఆలయాలు బయటపడ్డాయి. అంతకుముందు బౌద్ధక్షేత్రంగానే తెలిసిన లోయ బహుమతాల రాజధానిగా రూపుకట్టింది. ఒక విషయం నిజాయితీగా అంగీకరించాలి. ఆనకట్ట రాకపోయి ఉంటే ఆరేళ్ల పాటు ఇంత విస్తారంగా తవ్వకం జరిగి ఉండేది కాదు. ముంపు భయమే జ్ఞానానికి కారణమైంది. అయితే ఆ జ్ఞానాన్ని మళ్లీ సరిచూసుకోవడానికి స్థలం మిగలలేదు. కొత్త పద్ధతులు వచ్చిన తర్వాతి తరాలకు ఆనాటి నమోదు పత్రమే స్థలం.

కాబట్టి నివేదిక ప్రాముఖ్యం మామూలు తవ్వకాలలో కన్నా ముంపు తవ్వకాలలో ఎన్నో రెట్లు ఎక్కువ. నాగార్జునకొండ విషయంలో ఇక్కడే పెద్ద లోటు కనిపిస్తుంది. చరిత్రపూర్వ యుగాలకు సంబంధించిన మొదటి సంపుటం 1975లో వెలువడింది. చారిత్రక యుగానికి సంబంధించిన రెండవ సంపుటం 2006లో గాని రాలేదు. అంటే తవ్వకం ముగిసిన నలభై ఆరేళ్లకు. ఈ మధ్యకాలంలో ఇక్ష్వాకయుగంపై పరిశోధించినవారు పాక్షిక వివరాలతోనే నిర్ణయాలు చేయవలసి వచ్చింది. నీటి మట్టానికి గడువు పెట్టిన ప్రణాళిక నివేదికకు గడువు పెట్టలేదు.

తరలింపు: మిగిలింది ఏమిటి?

ముఖ్యమైన కట్టడాలు కొన్నింటిని విప్పి, ఇప్పుడు ద్వీపంగా మారిన కొండపైనా, తూర్పు ఒడ్డున అనుపు వద్దా తిరిగి నిర్మించారు. మరికొన్నింటికి నమూనాలు చేశారు. కొండపై ప్రదర్శనశాల ఏర్పడింది. ఇక్ష్వాకుల నాటి స్నానఘట్టాన్ని కూడా కొండపైకి తెచ్చి అమర్చారు. మెట్ల అమరిక, రాతిపని యథాతథంగా ఉన్నాయి. కాని ఆ మెట్లు దిగితే నది లేదు. స్నానఘట్టం అనే మాటకు అర్థమిచ్చేది రాయి కాదు, నీటితో దానికి ఉన్న సంబంధం. అటువంటి సంబంధాలు లోయ నిండా ఉండేవి. కోటకూ నదికీ, రాజకుటుంబ స్త్రీలు నిర్మించిన విహారాలకూ కోటకూ, అశ్వమేధ వేదికకూ మహాచైత్యానికీ నడుమ ఉన్న దూరాలు ఆనాటి సమాజపు అమరికను తెలిపే సాక్ష్యాలు. కొండపై పక్కపక్కన పేర్చిన కట్టడాలలో ఆ దూరాలు కనిపించవు.

ఉపాసిక బోధిసిరి శాసనం ఈ విషయాన్ని మరింత స్పష్టం చేస్తుంది. కాశ్మీర, గాంధార, చీన, తోసలి, అపరాంత, వంగ, వనవాసి, యవన, దమిళ, తామ్రపర్ణి మొదలైన దేశాలతో సంబంధమున్న థేరవాద ఆచార్యుల ప్రస్తావన అందులో ఉంది. లోయలో సింహళ విహారం కూడా ఉండేది. ఒక మారుమూల లోయకు ఇన్ని దేశాల పేర్లు ఎలా వచ్చాయన్న ప్రశ్నకు సమాధానం శాసనపాఠంలో సగమే దొరుకుతుంది. మిగతా సగం కృష్ణ జలమార్గంలో, రేవులలో, కొండదారులలో ఉంటుంది. శాసనం అచ్చయింది కనుక భద్రం. ఆ దారులు నీటి అడుగున ఉన్నాయి.

పాలనాపరమైన విభజన కూడా ఈ సంబంధాలను తెంచింది. నాగార్జునకొండ కుడి ఒడ్డున ఉంది. దానికి ఎదురుగా ఎడమ ఒడ్డున ఏలేశ్వరం ఉంది. 1956కు ముందు కృష్ణ ఇక్కడ రెండు రాష్ట్రాల సరిహద్దు. కుడి ఒడ్డు తవ్వకాలు కేంద్రశాఖ చేపట్టగా ఏలేశ్వరం తవ్వకాలు మహమ్మద్ అబ్దుల్ వహీద్ ఖాన్ ఆధ్వర్యంలో రాష్ట్రశాఖ జరిపింది. 1963లో వాటిపై గ్రంథం వెలువడింది. నదికి ఇరువైపులా ఉన్న ఒకే లోయ రెండు శాఖల రెండు నివేదికలుగా విడిపోయింది.

శ్రీశైలం: సంగమం లేని సంగమేశ్వరుడు

శ్రీశైలం ప్రాజెక్టు పనులు 1960లలో మొదలై 1980ల ప్రారంభానికి పూర్తయ్యాయి. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాలలో వంద దాకా గ్రామాలు ముంపు పాలయ్యాయి. ఈ ప్రాంతం చాళుక్యుల నాటి నుంచి ఆలయాలకు నెలవు. ఇక్కడ తవ్వకం కన్నా తరలింపు ప్రధానమైంది. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని, పాపనాశి ఆలయ సముదాయాన్ని రాయిరాయికీ అంకెలు వేసి విప్పి ఆలంపురం పరిసరాలలో పునర్నిర్మించారు. రూపాల సంగమేశ్వరాలయం కర్నూలు వద్ద జగన్నాథగట్టుకు చేరింది. ఆలంపురం నవబ్రహ్మాలయాలను మాత్రం కదిలించకుండా, చుట్టూ అడ్డుకట్ట నిర్మించి ఉన్నచోటనే నిలిపారు. సాంకేతికంగా ఈ పనులు మెచ్చదగినవి.

కూడవెల్లి ఉదాహరణను కొంచెం లోతుగా చూడాలి. తుంగభద్ర కృష్ణలో కలిసే చోట వెలసిన ఊరది. 'కూడు' అంటే కలియు. 'కూడలి' అంటే కలిసే చోటు. ఊరి పేరులోనే సంగమం ఉంది. దేవుని పేరు సంగమేశ్వరుడు. ఊరి పేరు, దేవుని పేరు, నదుల కలయిక – మూడూ ఒకే అర్థానికి మూడు రూపాలు. నేడు ఆలయం ఆలంపురంలో చెక్కుచెదరకుండా ఉంది. శిల్పచరిత్రకారునికి లోటు లేదు. ఊరు, సంగమస్థలి మాత్రం జలాశయం పాలయ్యాయి. సంగమస్నానం, సంగమదర్శనం అన్న భావాలు ఆ ఆలయానికి ఇక చెందవు. కట్టడాన్ని లెక్కించే మదింపు దీనిని పూర్తి విజయంగా నమోదు చేస్తుంది. స్థలాన్ని లెక్కించే మదింపు పాక్షిక నష్టంగా నమోదు చేస్తుంది. ఈ రెండు నమోదుల మధ్య తేడాయే ఈ చర్చకు మూలం.

ఏడు నదులు కలిసే చోటుగా ప్రసిద్ధమైన సంగమేశ్వరం దీనికి భిన్నమైన దశలో ఉంది. ఇక్కడి వేపదారు లింగం, పాత గుడి జలాశయంలోనే ఉండిపోయాయి. ఏడాదిలో ఎక్కువకాలం మునిగి, నీరు తగ్గినప్పుడు బయటపడతాయి. అప్పుడు పూజలు జరుగుతాయి. ఇక్కడ కట్టడం ఏటేటా నాని, ఎండి, బలహీనపడుతోంది. స్థలంతో బంధం మాత్రం తెగలేదు. పూర్తిగా మునగడం, పూర్తిగా బయట ఉండడం అనే రెండు స్థితులనే ఊహించే మదింపులో ఈ నడిమి స్థితికి చోటు లేదు. నిజానికి జలాశయపు అంచుల్లో ఉన్న స్థలాలకు ఎక్కువ హాని చేసేది ఏటా పెరిగి తరిగే నీటిమట్టమే.

విడివిడి ప్రాజెక్టులు, ఉమ్మడి నష్టం

శ్రీశైలానికి నాలుగు ప్రధాన ద్వారాలున్నాయని సంప్రదాయం. తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమట ఆలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం. వీటికి తోడు మూలలలో ఉపద్వారాలు. ఈశాన్యాన ఏలేశ్వరం, వాయవ్యాన సంగమేశ్వరం వాటిలో చేరుతాయి. పాల్కురికి సోమనాథుని పండితారాధ్యచరిత్రలోని పర్వతప్రకరణం శ్రీశైల మహిమను, యాత్రను వర్ణించే ప్రధాన సాహిత్యాధారం. అంటే శ్రీశైలం ఒక ఆలయం కాదు. నల్లమలను చుట్టి, నదీతీరాలను కలుపుకొని, ద్వారాల ద్వారా ప్రవేశించే ఒక విశాలమైన క్షేత్రం.

ఈ క్షేత్ర దృష్టితో చూస్తే ఒక ముఖ్యమైన విషయం తేలుతుంది. ఈశాన్య ఉపద్వారమైన ఏలేశ్వరం నాగార్జునసాగరంలో మునిగింది. వాయవ్య ఉపద్వారమైన సంగమేశ్వరం శ్రీశైల జలాశయంలో మునిగింది. పశ్చిమద్వారమైన ఆలంపురం అడ్డుకట్ట వెనుక నిలిచింది. ఈ నష్టాలు రెండు ప్రాజెక్టుల వల్ల వేర్వేరు కాలాలలో జరిగాయి. ఒక్కొక్క ప్రాజెక్టు పత్రాలలో అవి విడి గ్రామాలు, విడి గుడులు. క్షేత్రపరంగా అవి ఒకే వ్యవస్థకు తగిలిన వరుస దెబ్బలు. పర్యావరణ శాస్త్రంలో ఉమ్మడి ప్రభావం అనే భావన ఉంది. చారిత్రక వనరులకు కూడా అది వర్తించాలి. దానిని గుర్తించడానికి కావలసిన ఆధారం ఇంజనీరు పటంలో ఉండదు. అది సోమనాథుని కావ్యంలో, స్థలపురాణంలో ఉంటుంది.

సాహిత్యచరిత్రకు సంబంధించిన మరొక ఉదాహరణ జటప్రోలు. చంద్రికాపరిణయ కర్త సురభి మాధవరాయలు ఏలిన సంస్థానమది. శ్రీశైల జలాశయం పాత జటప్రోలును ముంచింది. ఆలయాలను ఎత్తైన చోటికి తరలించారు. ఒక ప్రబంధకవి తిరిగిన ఊరిని, ఆయన కొలువును ఆలయాల జాబితాలో వెతికితే దొరకవు. సాహిత్య స్థలాలు అనే వర్గమే ఆ జాబితాలలో లేదు. ఆలంపురం అదృష్టం వేరు. గడియారం రామకృష్ణశర్మ వంటి పండితుడు అక్కడే ఉండి ఆ క్షేత్రపు ఆలయాలపై, శాసనాలపై జీవితకాలం కృషి చేశాడు. ప్రతి ముంపు గ్రామానికీ అటువంటి పండితుడు లేడు.

చట్టం చూపే మేర

1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టం జాతీయ ప్రాముఖ్యం గలవిగా ప్రకటించిన స్థలాలకు రక్షణ కల్పిస్తుంది. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం రాష్ట్రస్థాయిలో అదే పని చేస్తుంది. 1992 ప్రకటన, 2010 సవరణల ద్వారా రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం, ఆపై 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం అయ్యాయి. నియంత్రిత ప్రాంతంలో తలపెట్టే పెద్ద ప్రాజెక్టుల ప్రభావాన్ని పరిశీలించే బాధ్యతను 2010 సవరణ జాతీయ కట్టడాల ప్రాధికార సంస్థకు అప్పగించింది. పర్యావరణ ప్రభావ మదింపుపై 1994లో, 2006లో వెలువడిన ప్రకటనలు మరొక మార్గం. 2006 దరఖాస్తులో సాంస్కృతిక విలువ వల్ల చట్టరక్షణ పొందిన ప్రాంతాల వివరం అడుగుతారు.

వీటన్నిటిలో సమానంగా కనిపించే పరిమితి ఒకటుంది. ముందే గుర్తింపు పొందినదానికే రక్షణ. 1926కు ముందు నాగార్జునకొండ ఏ జాబితాలోనూ లేదు. అప్పుడు ఆనకట్ట కట్టి ఉంటే రక్షిత కట్టడాలేవీ లేవన్న ఒక్క వాక్యంతో విజయపురి మునిగిపోయేది. రక్షితం కాని దిబ్బకు, ఊరి చివర పడి ఉన్న శాసనానికి, వీరగల్లుకు 100 మీటర్ల హద్దు లేదు. మదింపు అసలు ప్రయోజనం జాబితాలో ఉన్నవాటిని తిరిగి చెప్పడం కాదు, జాబితాలో లేనివాటిని కనుగొనడం.

మదింపుకు కావలసిన క్రమం

పై ఉదాహరణల నుంచి మదింపుకు ఒక క్రమాన్ని సూచించవచ్చు. మొదటిది లిఖితాధారాల సేకరణ. కైఫీయతులు, శాసన సంపుటాలు, 1882లో సూయల్ ప్రచురించిన పురావస్తు జాబితా, స్థలపురాణాలు, కావ్యాలలోని స్థలవర్ణనలు ఇందులో చేరాలి. మెకంజీ కాలపు కైఫీయతులలో గ్రామాల ఆలయాలు, చెరువులు, పాటిమన్ను దిబ్బల ప్రస్తావనలు విస్తారంగా ఉన్నాయి. రెండవది స్థలనామ పరిశీలన. 'పాడు', 'దిబ్బ', 'పాటి' వంటి మాటలున్న పొలాల పేర్లు పాత నివాసాల జాడ చెబుతాయి. లంజదిబ్బ అని జనం పిలిచే దిబ్బలు పలుచోట్ల బౌద్ధస్తూపాలే అయ్యాయి. ఈ పేర్లు ఊరివారి నోట ఉంటాయి. ఊరు చెదిరిన మరునాడు ఉండవు. కనుక ఈ పని నిర్వాసితులు తరలకముందే జరగాలి.

మూడవది కాలినడకన ఉపరితల పరిశీలన, అవసరమైన చోట నమూనా తవ్వకం. జలాశయం ఒక్కటే కాక కాలువలు, రాతి గనులు, పునరావాస కాలనీల స్థలాలు కూడా దీని పరిధిలోకి రావాలి. నాలుగవది విలువ నిర్ణయం. ఇందులో కట్టడపు కళావిలువతో పాటు స్థలసంబంధాన్ని, జనజీవనంలో దాని చోటును లెక్కించాలి. ఐదవది నివారణోపాయం. నిర్మాణాన్ని పక్కకు జరపడం మొదటి మెట్టు. ఆలంపురంలో వలె ఉన్నచోటనే కాపాడడం రెండవది. తరలింపు మూడవది. నమోదు చేసి విడిచిపెట్టడం చివరిది. ఆచరణలో ఈ క్రమం తలకిందులు కావడం చూస్తాం. ఆరవది నివేదిక ప్రచురణ. దానికి ప్రాజెక్టు వ్యయంలోనే నిధి, నిర్ణీత గడువు ఉండాలి.

ముగింపు

సాగునీరు, విద్యుత్తు అవసరం లేదని ఎవరూ అనరు. నాగార్జునసాగర్ కాలువల కింద పండిన పంట ఎన్నో కుటుంబాలను నిలబెట్టింది. ప్రశ్న ఆనకట్ట కావాలా, స్తూపం కావాలా అన్నది కాదు. దేనిని వదులుకుంటున్నామో పూర్తిగా తెలిసి నిర్ణయించామా అన్నది ప్రశ్న. కృష్ణాలోయలో కట్టడాల విషయంలో చాలావరకు తెలిసే నిర్ణయం జరిగింది. స్థలాల విషయంలో అలా జరగలేదు.

నేడు గోదావరి మీద పోలవరం నిర్మాణం సాగుతోంది. ఆ ముంపులో గోదావరి, శబరి తీరాల కోయ, కొండరెడ్డి గూడేలున్నాయి. వారి చరిత్ర రాతికట్టడాలలో కన్నా కొండల పేర్లలో, దేవతల కథలలో, పాటలలో ఉంది. కట్టడాన్ని మాత్రమే లెక్కించే మదింపు వారి విషయంలో దాదాపు ఖాళీ పత్రాన్నే ఇస్తుంది. మదింపు బృందాలలో పురావస్తు నిపుణునితో పాటు శాసనభాష తెలిసినవారికి, స్థలనామ పరిశోధకులకు, మౌఖిక సాహిత్యాన్ని సేకరించేవారికి చోటు ఉండాలి. ఈ మూడు విద్యలూ విశ్వవిద్యాలయ తెలుగు శాఖలలో ఉన్నాయి. వాటిని నీరు రాకముందే వినియోగించడం ఆ శాఖల బాధ్యత, ప్రభుత్వాల బాధ్యత కూడా.